పాత పైపు పాయింట్లకే కొత్త గీజర్: గోడ పగలగొట్టకుండా, లీకు లేకుండా నీట్‌గా బిగించుకోవడం ఎలా

గీజర్ ట్యాంకు అడుగు నుంచి తుప్పు నీళ్లు కారడం మొదలైందంటే ఇక రిపేరు అనవసరం, మార్చేయడమే. వైజాగ్‌లో ఈ సంగతి ఎక్కువగా కార్తీక మాసంలో బయటపడుతుంది, ఎందుకంటే ఎండాకాలమంతా వాడని గీజర్‌ని తెల్లవారుజాము స్నానాల కోసం అప్పుడే మళ్లీ ఆన్ చేస్తాం. కొత్తది కొనడం అరగంట పని. దాన్ని గోడలో ఇప్పటికే ఉన్న పైపు పాయింట్లకి కలపడం దగ్గరే చాలా ఇళ్లలో పని చెడిపోతుంది: గీజర్ ఒక పక్కకి, పాయింట్లు ఇంకో పక్కకి, మధ్యలో మెలికలు తిరిగిన పైపులు, టైల్స్‌లో అనవసరమైన కన్నాలు, వాటి మీద పూసిన తెల్ల సిమెంటు.

దీనికి కారణం ఒక్కటే. అందరూ పాత బోల్టులు ఎక్కడుంటే కొత్త గీజర్‌ని అక్కడే వేలాడదీయాలని చూస్తారు. గోడ లోపలి పైపులు కదలవు కదా, కదిలేది గీజర్ ఒక్కటే. కాబట్టి కొలత ఎప్పుడూ పైపు పాయింట్ల నుంచి పైకి వేసుకోవాలి. బోల్టులు ఎక్కడ పడితే అక్కడ పడనివ్వండి, పాత కన్నాలు పూడ్చుకోవచ్చు.

కొనేముందే కొలవండి

పాత గీజర్ గోడ మీద ఉండగానే ఒక టేపు, కాగితం పట్టుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్లండి. రాసుకోవాల్సినవి ఇవి: గోడలోని రెండు పాయింట్ల మధ్య దూరం (ఈ కొస నుంచి ఆ కొసకి కాదు, మధ్య నుంచి మధ్యకి), పాయింట్ల నుంచి సీలింగ్ దాకా ఎత్తు, పక్కన వెంటిలేటర్ గానీ అటక గానీ ఉంటే దానికి దూరం, 16 ఆంపియర్ల సాకెట్ ఎటు పక్క ఉందో. ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకోండి. వేడి పాయింటు ఎడమ వైపో కుడి వైపో తప్పకుండా రాసుకోండి, షాపులో నిలబడ్డాక అది గుర్తురాదు.

షాపులో గీజర్ అడుగు భాగం చూడండి. చన్నీళ్లు లోపలికి వెళ్లే నిపుల్‌కి (మర ఉన్న గొట్టం కొసకి) నీలం రింగు, వేడినీళ్లు బయటికి వచ్చే దానికి ఎరుపు రింగు ఉంటాయి. మీ గోడలో వేడి ఎటుందో గీజర్‌లో ఎరుపు కూడా అటే ఉండే మోడల్ దొరికితే అదే తీసుకోండి, ధర వంద రెండొందలు ఎక్కువైనా సరే. పైపులు ఒకదాని మీద ఒకటి దాటించాల్సిన అవసరం రాకపోవడమే సగం నీట్‌నెస్. అలాంటిది దొరక్కపోతే పైపులు దాటించండి గానీ, దగ్గరగా ఉందని చన్నీళ్ల పైపుని ఎరుపు నిపుల్‌కి మాత్రం పెట్టకండి. చన్నీళ్లు ట్యాంకు అడుగున చేరతాయి, వేడినీళ్లని పైదాకా వెళ్లిన ఒక సన్న గొట్టం పై నుంచి తీసుకుంటుంది. తారుమారు చేస్తే పైన చన్నీళ్లు పడి వేడినీళ్లతో కలిసిపోతాయి, అడుగున ఉన్న గోరువెచ్చవే బయటికి వస్తాయి, ఒక బకెట్ కూడా వేడిగా నిండదు.

ప్రెజర్ సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. డాబా మీద ట్యాంకు నుంచి మామూలుగా దిగే నీళ్లకి ప్రతి 10 మీటర్ల ఎత్తుకి దాదాపు 1 బార్ ఒత్తిడి వస్తుంది, అంటే ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాటుకి కూడా 2 బార్ దాటదు. కానీ మధురవాడ, ఎండాడ వైపు వస్తున్న పొడవాటి టవర్లలో ఉంటే, లేదా లైన్‌లో ప్రెజర్ పంపు ఉంటే, 8 బార్ రేటింగ్ ఉన్నది తీసుకోవాలి. ఐఎస్‌ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 2082 అని ఉందో లేదో చూడండి. సాగర్‌నగర్, రుషికొండ, లాసన్స్ బే కాలనీలాంటి బీచ్ పక్క ఇళ్లకైతే నా సలహా ప్లాస్టిక్ బాడీదే. పెయింట్ వేసిన రేకు బాడీ ఉప్పు గాలికి అంచుల దగ్గర నుంచి పొక్కులు లేస్తుంది.

సామాన్లు

గాజువాక అయినా అక్కయ్యపాలెం అయినా ఏ శానిటరీ షాపులోనైనా ఇవన్నీ దొరుకుతాయి: స్టీలు అల్లిక ఉన్న అర అంగుళం కనెక్షన్ పైపులు రెండు, యాంగిల్ కాక్‌లు, అంటే గోడ పాయింటుకి బిగించే చిన్న కుళాయిలు, రెండు (పాతవి తిరగకుండా బిగుసుకుపోయి ఉంటే), వాటి వెనక గోడ కన్నాన్ని కప్పే గుండ్రటి స్టీలు ఫ్లాంజ్‌లు, టెఫ్లాన్ టేపు రెండు మూడు చుట్టలు, రెండు రకాల సైజుల్లో ఎక్స్‌టెన్షన్ నిపుల్స్ (గోడ లోపలికి ఉండిపోయిన మరని బయటికి పొడిగించే ముక్కలు), స్టెయిన్‌లెస్ స్టీలు యాంకర్ బోల్టులు. గీజర్ పెట్టెలో వచ్చే బోల్టులు చాలావాటికి పైపూత మాత్రమే ఉంటుంది, మన సముద్రపు గాలికి నాలుగేళ్లలో తుప్పు టైల్ మీదకి కారుతుంది. 304 గ్రేడు స్టీలువి తీసుకోండి, సముద్రానికి బాగా దగ్గరైతే 316 ఇంకా మంచిది.

తెల్ల ప్లాస్టిక్ కనెక్షన్ పైపులు వేడినీళ్లకి వద్దు. వాష్ బేసిన్ కింద అవి బాగానే ఉంటాయి, ఇక్కడ మెత్తబడి నట్టు దగ్గర చీలిపోతాయి.

పనిముట్లు: హ్యామర్ డ్రిల్లు, బోల్టుకి సరిపడే బిట్టు, అడ్జస్టబుల్ పానాలు రెండు, పైపు రెంచి, టెస్టర్, రసమట్టం, పాత టూత్‌బ్రష్, బకెట్లు. ఇంకో మనిషి తప్పనిసరి. గీజర్ ఎత్తేటప్పుడు ఒక్కరే స్టూలెక్కే పని పెట్టుకోకండి.

పాతది దింపడం

ఇంటి బోర్డులో గీజర్ లైన్‌కున్న ఎంసీబీ (బ్రేకర్ స్విచ్) ఆఫ్ చేయండి, స్విచ్ మాత్రమే ఆపితే సరిపోదు. ప్లగ్ తీసేయండి. వైరు నేరుగా లోపలికి కలిపి ఉంటే టెస్టర్‌తో చూసి, కరెంటు లేదని తేలాకే ముట్టుకోండి. ముందు రోజు రాత్రే ఆపేసి ఉంచితే లోపల నీళ్లు చల్లారి ఉంటాయి, చేతులు కాలవు.

తర్వాత చన్నీళ్ల యాంగిల్ కాక్ మూయండి. పాత కాక్ పూర్తిగా మూసుకోకపోతే బాత్‌రూమ్ వాల్వు మూయాలి, అదీ లేకపోతే డాబా మీద మీ ఫ్లాటు లైన్ వాల్వు. అపార్ట్‌మెంట్ అయితే వాచ్‌మన్‌కి ఒక మాట చెప్పి వెళ్లండి, ఏ వాల్వు ఎవరిదో ఆయనకే తెలుస్తుంది, పైగా మీరు మూసినదాన్ని ఇంకెవరో వచ్చి తెరవకుండా ఉంటారు. వేడినీళ్ల కుళాయి తిప్పి చూడండి. ధార ఆగిపోయాకే పానా పట్టుకోవాలి.

కింద బకెట్ పెట్టి ముందు చన్నీళ్ల నట్టు వదులు చేయండి. చన్నీళ్ల వైపున్న సేఫ్టీ వాల్వులో నీళ్లని వెనక్కి రానివ్వని ఏర్పాటు ఉంటుంది, అందుకే దాన్ని కూడా విప్పితేనే ట్యాంకు ఖాళీ అవుతుంది. వేడి వైపు నట్టు కూడా విప్పితే గాలి లోపలికి వెళ్లి నీళ్లు గబగబా దిగుతాయి. 15 లీటర్లంటే మామూలు బకెట్ నిండిపోతుంది, రెండోది పక్కనే ఉంచుకోండి. మొదట వచ్చే నీళ్లు ఎర్రగానో, తెల్లటి పెచ్చులతోనో ఉంటే ఆశ్చర్యపోకండి. జీవీఎంసీ (వైజాగ్ కార్పొరేషన్) నీళ్లు, బోరు నీళ్లు ఒకే సంపులో కలిసే అపార్ట్‌మెంట్లలో గీజర్ అడుగున ఇలా సున్నం పేరుకుంటూనే ఉంటుంది. ఖాళీ అయ్యాక ఇద్దరూ కలిసి పైకి లేపి హుక్కుల నుంచి తప్పించి దించండి.

గోడ పాయింట్లు: అసలు పని ఇక్కడ

చాలామంది తొందరపడేది ఇక్కడే. గీజర్ పెట్టె తెరవాలన్న ఆత్రం ఆపుకుని, ఈ రెండు పాయింట్ల మీద గంట టైమైనా పెట్టండి. తర్వాత వచ్చే లీకుల్లో చాలా వరకు ఇక్కడి నుంచే వస్తాయి.

పాత యాంగిల్ కాక్‌లు విప్పేటప్పుడు బలం వాడకూడదు. లోపలున్నది సీపీవీసీ పైపు అయితే (లేత పసుపు రంగులో ఉంటుంది) చివర ఇత్తడి మర ఉన్న ఎల్బో ఉంటుంది, గట్టిగా మెలిపెడితే ఆ ఇత్తడి ముక్క ప్లాస్టిక్‌లోంచి ఊడి తిరిగిపోతుంది, ఇక టైల్ పగలగొట్టాల్సిందే. పాత ఇళ్లలో జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు ఉంటుంది, అక్కడ భయం తుప్పుది. కాక్ కదలకపోతే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఓ పూట వదిలేయండి. తర్వాత కొంచెం బిగించే వైపు, కొంచెం విప్పే వైపు, మెల్లగా ఆడించండి. అయినా రాకపోతే, కాక్ మూసుకుంటూ లీకు లేకుండా ఉన్నంతవరకు దాన్ని అలాగే ఉంచేయడం తెలివైన పని. జీఐ మర పొడిపొడిగా రాలుతుంటే మాత్రం ప్లంబర్‌ని పిలవండి, అది టేపుతో ఆగే జబ్బు కాదు.

కాక్‌లు వచ్చేశాక లోపలి మరల్లో ఉన్న పాత టేపు, నార, సఫేదా అంతా టూత్‌బ్రష్‌తో, సన్న సూదిలాంటి దానితో తీసేయండి. బకెట్ అడ్డం పెట్టి చన్నీళ్ల లైన్ వాల్వు రెండు క్షణాలు తెరిచి మూయండి, లోపల రాలిన మట్టి, తుప్పు బయటికి వచ్చేస్తుంది. ఇది చేయకపోతే ఆ చెత్తంతా కొత్త సేఫ్టీ వాల్వులో ఇరుక్కుంటుంది.

ఇప్పుడు లోతు చూడండి. మర టైల్ ముఖానికి సమానంగా ఉండాలి. టైల్స్ వేసేటప్పుడు లెక్క తప్పి అది అరంగుళం, అంగుళం లోపలికి ఉండిపోవడం మన దగ్గర మామూలే. అలాంటప్పుడు కాక్ మర రెండు చుట్లే పట్టుకుంటుంది, ఫ్లాంజ్ గోడకి ఆనదు, వెనక ఖాళీ కనిపిస్తుంది. దీనికే ఎక్స్‌టెన్షన్ నిపుల్. లోతు కొలిచి షాపులో, "అన్నా, అర అంగుళం పైపుకి అంగుళం పొడుగు ఎక్స్‌టెన్షన్, ఇత్తడిది ఇవ్వండి" అని అడగండి. సైజు ముందే తెలియదు కాబట్టే రెండు రకాలు తెచ్చుకోమన్నాను, మిగిలింది షాపువాళ్లు వెనక్కి తీసుకుంటారు.

టెఫ్లాన్ చుట్టే పద్ధతి: మర కొస మీ వైపు ఉంచుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కులోనే చుట్టాలి. ఎదురు దిక్కులో చుడితే బిగించేటప్పుడు ఊడి ముద్దయిపోతుంది. మన షాపుల్లో దొరికే పల్చటి టేపు అయితే పది పన్నెండు చుట్లు, లాగి పట్టి, మర ఆకారం పైకి కనిపించేలా. మొదటి మర వదిలేసి మొదలుపెట్టండి, లేకపోతే టేపు ముక్కలు నీళ్లలోకి వెళ్తాయి.

ఫ్లాంజ్ ముందే ఎక్కించి, కాక్‌ని చేత్తో తిప్పి, తర్వాత పానాతో బిగించండి. పానాకీ కాక్‌కీ మధ్య పాత గుడ్డ పెడితే క్రోమ్ మీద గీతలు పడవు. కాక్ నోరు నిట్టనిలువుగా పైకి చూడాలి. ఒకవేళ పక్కకి చూస్తూ ఆగిపోయి, ఇంకో పావు చుట్టు బిగించే వీలు లేకపోతే, వెనక్కి తిప్పి సర్దకండి, వెనక్కి తిప్పిన టేపు లీకవుతుంది. పూర్తిగా విప్పి, టేపు చుట్లు తగ్గించి గానీ పెంచి గానీ మళ్లీ బిగించండి. విసుగొచ్చినా ఇందులో రాజీపడొద్దు, రెండు కాక్‌లూ ఒకే ఎత్తులో, ఒకే తీరుగా పైకి చూస్తూ ఉంటే బాత్‌రూమ్‌లోకి అడుగుపెట్టగానే తేడా కనిపిస్తుంది.

గీజర్ ఎక్కడ వేలాడాలి

రెండు పాయింట్ల మధ్య సరిగ్గా నడిమి గుర్తు పెట్టి, రసమట్టం పట్టుకుని అక్కడి నుంచి నిలువుగా పైకి పెన్సిల్ గీత గీయండి. గీజర్ రెండు నిపుల్స్ నడిమి భాగం ఈ గీత మీదకి రావాలి. నిపుల్స్ మధ్య దూరం, పాయింట్ల మధ్య దూరం ఒకటే కాకపోయినా ఫర్వాలేదు, రెండు పైపులూ రెండు వైపులా సమానంగా వంగితే చూడ్డానికి బాగుంటుంది.

ఎత్తు ఎంతన్నది మీ కనెక్షన్ పైపు పొడవు చెప్తుంది. 18 అంగుళాల పైపుకి, కాక్ నోటి నుంచి నిపుల్ దాకా 13-14 అంగుళాలు ఉంటే చక్కటి వంపు వస్తుంది. పైపుని పూర్తిగా సాగదీసి బిగిస్తే నట్టు దగ్గర లాగుతూ ఉంటుంది, మరీ పొడుగైతే పాములా మెలిక పడుతుంది, మెలిక పడ్డచోట నీళ్ల ధార తగ్గుతుంది. చన్నీళ్ల వైపు సేఫ్టీ వాల్వు రెండు మూడు అంగుళాలు కిందికి దిగుతుందని మర్చిపోకండి, అటు పైపు ఆ మేరకు ఎక్కువ వంగుతుంది. రెండు వంపులూ ముందుకే ఉండేలా సర్దితే ఆ తేడా కంటికి ఆనదు. గీజర్ కింద చెయ్యి, స్క్రూ డ్రైవర్ పట్టేంత జాగా ఉండాలి, ఎందుకంటే హీటింగ్ ఎలిమెంట్ మార్చేది కింది నుంచే. పైన కూడా హుక్కుల మీదకి ఎత్తి దించేంత ఖాళీ వదలండి.

ఆ ఎత్తు తేల్చుకున్నాక బోల్టుల చోట గుర్తు పెట్టండి. కన్నం వేసేముందు ఒక్క నిమిషం: గోడ లోపల పైపు ఎటు పోతోంది? చాలా ఇళ్లలో పాయింట్ల నుంచి కిందికి, మిక్సర్ వైపు పోతుంది, కానీ కొన్నింట్లో చన్నీళ్ల లైన్ డాబా నుంచి అదే గోడలో నిలువుగా దిగుతుంది. పాయింటుకి నేరుగా పైన డ్రిల్ చేయాల్సి వస్తే బిల్డర్‌నో, కట్టినప్పటి మేస్త్రీనో అడగండి, ఇల్లు కట్టేటప్పుడు తీసిన ఫొటోలు ఉంటే వెతకండి. సందేహం తీరకపోతే బోల్టుని రెండంగుళాలు పక్కకి జరపండి.

టైల్ మీద మాస్కింగ్ టేపు అంటించి, హ్యామర్ మోడ్ ఆపేసి నెమ్మదిగా టైల్ దాటించండి. టైల్ దాటి ఇటుక తగిలాకే హ్యామర్ వేయాలి. టైల్ అంచుకి అంగుళం లోపు కన్నం వేయకండి, మూల విరుగుతుంది. 15 లీటర్ల గీజర్ నీళ్లతో కలిపి పాతిక కిలోల దాకా, 25 లీటర్లది 35 కిలోల పైన తూగుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడకి యాంకర్ బోల్టు చాలు. నాలుగున్నర అంగుళాల గోడ అయినా, తేలికపాటి ఏఏసీ బ్లాకు అయినా మామూలు యాంకర్‌ని నమ్మకండి. గోడ అవతలి దాకా కన్నం వేసి, ఆ పక్క ఇనుప పట్టీ పెట్టి నట్టు బిగించడమే నయం. ఫ్లైయాష్ ఇటుకైతే డ్రిల్ పొడిని కన్నంలోంచి పూర్తిగా ఊదేయండి, లేకపోతే యాంకర్ పట్టు దొరక్క తిరుగుతుంది. బిగించాక ఖాళీ బోల్టుని గట్టిగా లాగి చూసి, అప్పుడు గీజర్ ఎక్కించండి.

కలపడం, నింపడం

సేఫ్టీ వాల్వుని నీలం నిపుల్‌కి టెఫ్లాన్‌తో బిగించండి, దాని మీద బాణం గుర్తు గీజర్ వైపు చూడాలి. ఆ వాల్వుకీ ట్యాంకుకీ మధ్య ఇంకే కాక్ పెట్టకూడదు. వేడి వైపు గోడ కాక్‌ని ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంచండి, అది రిపేరు రోజున వాడుకోవడానికి మాత్రమే.

కనెక్షన్ పైపుల నట్టులోపల రబ్బరు వాషర్ ఉంటుంది. నీళ్లని ఆపేది ఆ వాషరే, అక్కడ టెఫ్లాన్ చుడితే మేలు కంటే కీడే ఎక్కువ, నట్టు వంకరగా కూర్చుంటుంది. వాషర్ సరిగ్గా ఉందో లేదో చూసి, చేత్తో పూర్తిగా తిప్పి, పానాతో ఇంకో పావు చుట్టు బిగిస్తే చాలు. ఎక్కువ బిగిస్తే వాషర్ నలిగి అక్కడి నుంచే కారుతుంది.

కరెంటు ఇంకా వేయకండి. వేడినీళ్ల కుళాయి తెరిచి ఉంచి, చన్నీళ్ల కాక్ నెమ్మదిగా తెరవండి. ముందు గాలి, తర్వాత చిందరవందరగా నీళ్లు, చివరికి ఆగకుండా ధార వస్తుంది. ధార వచ్చిందంటే ట్యాంకు నిండినట్టు. ఖాళీ ట్యాంకుతో స్విచ్ వేస్తే ఎలిమెంట్ కాలిపోతుంది, వారంటీ కూడా ఇవ్వరు. కుళాయి మూసి, ప్రతి జాయింటు చుట్టూ టిష్యూ పేపరు తిప్పి చూడండి, కంటికి కనపడని చెమ్మ కూడా కాగితం మీద తెలుస్తుంది. అరగంట ఆగి మళ్లీ చూడండి.

సాకెట్ దగ్గరికి వద్దాం. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది, అందుకే 16 ఆంపియర్ల సాకెట్, కనీసం 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు పనికిరాదు. పాత సాకెట్ కన్నాలు నల్లబడి ఉంటే అది కూడా మార్చేయండి. ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే, ఈ వంకతోనైనా ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి పెట్టించుకోండి. తడి ఒంటితో నిలబడే గదిలో పిల్లలూ పెద్దవాళ్లూ స్నానం చేసేటప్పుడు ప్రాణం కాపాడేది అదే, దీన్ని ఖర్చు కింద లెక్కేయకండి. వైరుని సాకెట్ కన్నా కొంచెం కిందికి వంచి పైకి తీసుకెళ్తే, ఎప్పుడైనా నీళ్లు జారినా సాకెట్‌లోకి పోవు.

స్విచ్ వేశాక 15 లీటర్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి రావడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుంది. ఆ టైములో సేఫ్టీ వాల్వు చిన్న కన్నం నుంచి చుక్కలు పడితే టెన్షన్ పడకండి. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి, 15 లీటర్లకి పావు లీటరు దాకా పెరుగుతాయి, ఆ ఎక్కువైనవే అలా బయటికి వస్తాయి. ఆ కన్నాన్ని ఎప్పుడూ మూయకూడదు, మూస్తే ఆ ఒత్తిడంతా ట్యాంకు మీద పడుతుంది. చుక్కలు ఇబ్బందనిపిస్తే సన్న ప్లాస్టిక్ గొట్టం తగిలించి గోడ వెంట కిందికి దించండి. గీజర్ ఆపేసినా ధారగా కారుతుంటే మాత్రం వాల్వులో చెత్త ఇరుక్కున్నట్టే, విప్పి కడగాలి.

నీళ్లు వేడెక్కాక ఇంకోసారి టిష్యూతో అన్ని జాయింట్లూ చూడండి. చల్లగా ఉన్నప్పుడు ఆగిన జాయింటు వేడికి వదులవ్వచ్చు.

మిగిలింది పాత కన్నాలు. పాత బోల్టులు రాకపోతే గ్రైండర్‌తో టైల్‌కి సమానంగా కోసేసి, టైల్ రంగుకి దగ్గరగా ఉండే గ్రౌట్ నింపండి. తెల్ల సిమెంటు తెల్ల టైల్స్‌కే బాగుంటుంది. తడి గుడ్డతో అప్పుడే తుడిచేయాలి, ఆరాక తుడిస్తే రాదు. పాత గీజర్‌ని పాత సామాన్లవాళ్లకి ఇస్తే రాగి, ఇనుము బరువుకి ఎంతో కొంత వస్తుంది. కొత్త గీజర్ ట్యాంకులోపల మెగ్నీషియం రాడ్ ఒకటి ఉంటుంది, ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోతుంది. బోరు నీళ్లు వాడే ఇంట్లో దాన్ని ఏడాదికోసారి, దసరా దాటగానే విప్పి చూడండి, పెన్సిల్‌లా సన్నబడి ఉంటే కొత్తది వేయించండి.